నిమ్మతోట పుట్ట దగ్గర ఒక రకం పుట్టగొడుగులు, బడి గ్రౌండులో ఒక రకం: ఏవి తినొచ్చు, ఏవి పారేయాలి?

నిమ్మతోట_వింజమూరు

అందరికీ నమస్కారం. మాది వింజమూరు దగ్గర పల్లె. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉంటారు. వాయుగుండం వాన వెలిసిన మర్నాడు అమ్మ నిమ్మతోటకి పోతే గట్టు వారన పుట్ట చుట్టూ పుట్టగొడుగులు లేచి ఉన్నాయంట. చేటెడు కోసుకొచ్చింది. వచ్చే దారిలో బడి గ్రౌండులో పచ్చిక మీద ఇంకో రకం, పెద్దపెద్దవి, తెల్లగా ముచ్చటగా కనిపిస్తే వాటినీ కొంగులో వేసుకొచ్చింది. వీడియో కాల్‌లో నాకు చూపించి, మసాలా నూరుతున్నాను అని చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుంది. వండొద్దని బతిమాలి ఆపాను.

తోటలోవి బూడిద రంగు. గొడుగు నడిమధ్యలో మొన తేలి ఉంది. బడి గ్రౌండువి తెల్ల గొడుగులు, పైన గోధుమ రంగు పొలుసులు, కాడకి ఉంగరం లాంటిది ఉంది.

అమ్మ చెప్పేది ఏంటంటే, ఉడికేటప్పుడు వెండి మెట్టె వేస్తే విషానివైతే నల్లబడుతుంది, పసుపు వేస్తే రంగు మారుతుంది, మేక మూతి పెట్టిందంటే మనమూ తినొచ్చు అని. నాన్నేమో "మా నాయన కాలం నుంచి తింటున్నాం, ఎవరికేమైంది" అంటారు. ఇవి నిజమేనా? ఖచ్చితంగా గుర్తుపట్టే పద్ధతి ఏదైనా ఉందా?

ఇంకో రెండు విషయాలు కూడా అడుగుతాను. నాన్నకి షుగర్ ఉంది, గుండెకి రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటారు. ఎవరో రీషి పుట్టగొడుగు పొడి డబ్బా తెచ్చి ఇచ్చి, దీంతో షుగర్ పోతుంది అన్నారంట. వాడొచ్చా? మా దగ్గర వరిగడ్డి దొరుకుతుంది కాబట్టి పుట్టగొడుగులు పెంచుకోవడం కుదురుతుందా?

ఉదయగిరి టీచరమ్మ

నాయనా, ముందు మీ అమ్మకి ఫోన్ చేసి రెండు రకాలనీ వేరువేరు పళ్ళేల్లో పెట్టమను. ఒకే చేటలో కలిసి ఉంటే ఒకదాని ముక్క ఇంకోదాంట్లో పడుతుంది. ఆ తర్వాత నిదానంగా ఇది చదువు.

నేను కావలిలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మగారి ఊరు ఉదయగిరి కొండ కింద. చిన్నప్పుడు సెలవులకి పోతే, వానలు పడగానే యానాది ఆడవాళ్ళ వెంట పుట్టలు వెతుక్కుంటూ తిరిగేదాన్ని. పుస్తకంలో నేర్చుకున్నదాని కన్నా ముందు, వాళ్ళలో ఒక అవ్వ దగ్గర నేర్చుకున్నది ఎక్కువ. ఆమె ఏ పుట్టగొడుగునీ నేల దగ్గర పుటుక్కున తుంచేది కాదు. గునపంతో పక్కన తవ్వి, కాడ ఎంత లోతుకి పోతుందో చూసేది. కాడ సన్నబడుతూ వేరులాగా కిందికి దిగి, చెదలు కట్టుకున్న మెత్తటి గూటి దాకా పోతేనే బుట్టలో వేసేది. లేదంటే అక్కడే వదిలేసేది. ఎంత అందంగా ఉన్నా సరే.

ఆమె చేసిన పని ఎంత శాస్త్రీయమో నాకు ఎమ్మెస్సీలో గాని తెలియలేదు. పుట్ట మీద లేచే తినే జాతిని టెర్మిటోమైసిస్ అంటారు. 1942లో రోజే హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. చెదలు ఎండుటాకులు, పుల్లలు తిని తెచ్చి, పుట్ట లోపల స్పాంజి ముక్కలాంటి దిమ్మలు కడతాయి. వాటి మీద ఈ బూజు పెరుగుతుంది. కట్టెలోని గట్టి పదార్థాన్ని అది అరిగించి పెడితే చెదలు తింటాయి. పుట్టలో చెదలు లేకుండా ఇది బతకదు, అందుకే దీన్ని బటన్ మష్రూమ్‌లాగా షెడ్డులో పెంచి అమ్మడం ఎవరికీ సాధ్యం కాలేదు. వానకి నేల తడిసినాక లోపలి దిమ్మ నుంచి కాడ మట్టిని తోసుకుంటూ పైకి వస్తుంది. మొన తేలి గట్టిగా ఉండేది అందుకే, మట్టిని చీల్చుకుని రావాలి కదా. మీ తోటలో లేచినవి ఇవే అయ్యుండే అవకాశం ఉంది. కానీ ఫోన్‌లో చూసి నేను తినమని చెప్పను. కొన్ని సంగతులు చూడాలి.

మీ అమ్మ కోసిన చోటికే మళ్ళీ పోయి, మిగిలిన కాడల్లో ఒకదాన్ని పక్కన తవ్వి చూడమను. కాడ వేరులాగా దిగి పుట్ట లోపలి దిమ్మని తాకాలి. కాడకి ఉంగరం, అడుగున సంచి లాంటిది ఉందేమో చూడమను. ఈ పెద్ద బూడిదరంగు రకాల్లో అడుగున సంచి ఉండదు. తర్వాత సిద్ధబీజాల రంగు, అంటే గొడుగు కింది రేకుల నుంచి రాలే విత్తనం లాంటి పొడి రంగు. ఒక విచ్చుకున్న గొడుగుని కాడ తీసేసి, రేకులు కిందికి ఉండేలా కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా కదిలించకుండా ఉంచాలి. కాగితం సగం తెల్లది, సగం నల్లది అయితే మంచిది, ఏ రంగు పొడి పడినా తెలుస్తుంది. ఇవి ఆ టెర్మిటోమైసిస్ జాతివే అయితే లేత గులాబీ రంగు పడాలి.

గులాబీ రంగు పడగానే సంబరపడొద్దు నాయనా. ఎంటొలోమా అని ఇంకో జాతి ఉంది, దాని పొడి కూడా గులాబీయే. వాటిల్లో విషానివి ఉన్నాయి. అందుకే ఒక్క గుర్తు చాలదంటున్నాను. వేరు, పుట్ట, గులాబీ పొడి, మొన తేలిన గొడుగు, ఉంగరం, అడుగు సంచి లేని కాడ, ఇవన్నీ ఒకే పుట్టగొడుగుకి ఉండాలి. ఆ పైన, మీ ఊరి పుట్టల్ని ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఒకరు కళ్ళతో చూసి సరే అనాలి. పుట్ట మీద లేచినవన్నీ ఇవే అని కూడా లేదు. ఎండుప్రాంతాల్లో పుట్టల మీదే పొడాక్సిస్ అని ఒకటి లేస్తుంది. పొలుసులతో పొడుగ్గా, ఎప్పటికీ విచ్చుకోని గొడుగులా ఉంటుంది, ముదిరితే లోపలంతా నల్లటి పొడి.

అరచేతి మీద నాలుగైదు పట్టేంత చిన్నవి, తెల్లగా వందలు వందలుగా నేలంతా పరిచినట్టు లేచే రకం కూడా టెర్మిటోమైసిస్‌లో ఉంది. చెదలు పాత దిమ్మల తునకల్ని పైకి తెచ్చి పడేస్తే వాటి మీద లేస్తాయి, కాబట్టి ఆ లోతైన వేరు వాటికి కనపడదు. పాతకాలం వాళ్ళు అవి తింటారు. తెలియని మనిషికి మాత్రం వాటిని వదిలేయమనే చెబుతాను. చిన్న తెల్ల పుట్టగొడుగుల్లో లెపియోటా అనే గుంపు ఉంది. అందులో కొన్నిటికి కాలేయాన్ని తినేసే విషం ఉంది, వాటి కాడ అడుగున సంచి కూడా ఉండదు.

ఇక బడి గ్రౌండువి. తెల్ల గొడుగు, గోధుమ పొలుసులు, కాడ మీద పైకీ కిందికీ జరిగే ఉంగరం, పచ్చికలో వాన తర్వాత గుంపుగా లేవడం, ఇదంతా క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ లక్షణం. మా కాలేజీ గ్రౌండులో ప్రతి వానాకాలం లేచేవి. పిల్లలకి క్లాసులో చూపించేదాన్ని. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరేకొద్దీ బూడిద కలిసిన ఆకుపచ్చకి తిరుగుతాయి. పొడి ఆకుపచ్చగా పడుతుంది. గంట నుంచి మూడు గంటల్లోపే వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. పెద్దవాళ్ళు సాధారణంగా కోలుకుంటారు కానీ ముసలివాళ్ళకీ పిల్లలకీ ఒంట్లో నీరు పోయి ప్రమాదం అవుతుంది. అమెరికాలో పుట్టగొడుగుల విషం కేసుల్లో ఎక్కువ దీనివల్లే. అవి చేటలో చూస్తే ఎంత బాగుంటాయో నాకు తెలుసు, అందుకే మీ అమ్మని ఏమీ అనకు.

మెట్టె సంగతి. వెండి నల్లబడేది గంధకం తగిలితే. పుట్టగొడుగు విషాల్లో చంపేవి వెండిని ఏమీ చేయవు. కోడిగుడ్డు తగిలినా వెండి నల్లబడుతుంది, గుడ్డు విషమా? పసుపు, ఉల్లి, వెల్లుల్లి, బియ్యం రంగు మారడం, ఇవన్నీ అంతే. మేకలూ నత్తలూ పురుగులూ తిన్నాయని మనం తినడం ఇంకా ప్రమాదం. వాటి ఒంటికి పడే విషం మనిషికి పడదు. పొట్టు సులువుగా వలిస్తే మంచిదని కూడా అంటారు, డెత్ క్యాప్ అని ప్రాణం తీసే రకం ఉంది, దాని పొట్టు కూడా చక్కగా వలుస్తుంది. మీ నాన్నగారి మాటలో మాత్రం ఒక నిజం ఉంది. వాళ్ళ నాయన తిన్నది అదే పుట్ట దగ్గరివి, ఆ ఏరు, ఆ గట్టు తెలిసిన మనిషి కోసినవి. ఆ తెలివి ఆ చోటుదే, బడి గ్రౌండుకి రాదు.

క్యాజువాలిటీ_నర్సు_నెల్లూరు

టీచరమ్మ గారు చెప్పినదానికి ఆస్పత్రి వైపు నుంచి కలుపుతాను. అన్నా, మీ అమ్మ వండలేదు కాబట్టి ఇది మీ కోసం కాదు, చదివే మిగతావాళ్ళ కోసం.

వానాకాలంలో మా దగ్గరికి పుట్టగొడుగుల కూర తిని వాంతులతో వస్తారు. నేను ముందు అడిగేది "ఎన్ని గంటలకి తిన్నారు, ఎన్ని గంటలకి మొదటి వాంతి" అని. తిన్న గంటా రెండు గంటల్లో మొదలైతే సాధారణంగా కడుపు వరకే ఉండే విషం, సెలైన్‌తో తేరుకుంటారు. ఆరు గంటలు దాటాక, రాత్రి తిని తెల్లవారుజామున మొదలైతే మాకు భయం. అది అమాటాక్సిన్ అయ్యుండొచ్చు. డెత్ క్యాప్ లాంటి అమానిటా రకాల్లో ఉండే విషం. శరీరంలో కణాలు ప్రొటీన్ తయారు చేసుకునే దారినే అది మూసేస్తుంది, కాలేయం ముందు దెబ్బ తింటుంది. ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. ఒక్క గొడుగు ఒక మనిషి ప్రాణానికి చాలు.

మోసం ఎక్కడంటే, ఒక రోజంతా వాంతులు విరేచనాలు అయ్యాక అవి తగ్గిపోతాయి. మనిషి లేచి కూర్చుంటాడు, కాఫీ అడుగుతాడు. తగ్గింది కదా అని ఇంటికి తీసుకుపోతారు. ఆ సమయంలోనే లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. మూడో రోజు, నాలుగో రోజు కళ్ళు పచ్చబడి, మాట తడబడి మళ్ళీ తెస్తారు. అప్పటికి చేయగలిగింది చాలా తగ్గిపోతుంది, కొందరికి కాలేయ మార్పిడి తప్ప దారి ఉండదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, చాలామంది తేయాకు తోటల కుటుంబాల వాళ్ళు. తగ్గినట్టు కనపడినా ఆస్పత్రి వదలొద్దు అని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇంకా కొన్ని. ఒకరికి మొదలైతే ఆ కూర తిన్న అందరినీ తీసుకురండి, బాగున్నవాళ్ళనీ తీసుకురండి. మిగిలిన కూర, పచ్చి ముక్కలు, తొక్కలు ఏవున్నా కాగితంలో చుట్టి తెండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మకి కుళ్ళిపోతాయి. ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించకండి. మజ్జిగ, చింతపండు, నెయ్యి లాంటివి విరుగుడు అని పోసి గంటలు పోగొట్టకండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం 24 గంటలూ పనిచేస్తుంది, 1800 116 117. డాక్టర్లు కూడా వాళ్ళని సంప్రదిస్తారు.

ఒళ్ళంతా చెమటలు, నోట్లో చొంగ, కళ్ళ నీళ్ళు తిన్న కాసేపటికే మొదలైతే అది ఇంకో రకం విషం, మస్కరిన్. పురుగుమందు కేసులకి వాడే అట్రోపిన్ దానికి పనిచేస్తుంది, కానీ ఎవరికి ఎంత ఇవ్వాలో డాక్టరే నిర్ణయించాలి. ఒక్కోసారి రెండు మూడు రకాలు కలిపి వండుతారు. తొందరగా వాంతులు వచ్చాయి కాబట్టి చిన్న విషమే అని అప్పుడు అనుకోవడానికి లేదు. అందుకే ఎవరొచ్చినా రక్తపరీక్షలు, కాలేయం కిడ్నీ పరీక్షలు చేస్తాం. వద్దని సంతకం పెట్టి పోకండి.

వామి_పక్కన

టీచరమ్మ గారూ, మాది కొవ్వూరు వైపు. మా గడ్డి వామి అడుగున గుడ్డులాగా లేచేవి మేము తింటాం. వాటికి కాడ అడుగున సంచి ఉంటుంది. మీరు సంచి ఉంటే వద్దన్నారు కదా. మరి ఇవి? పేడ దిబ్బ మీదవి కూడా కొందరు తెస్తున్నారు.

ఉదయగిరి టీచరమ్మ

అడగాల్సిందే అడిగారు. కుళ్ళిన వరిగడ్డి మీద లేచేది వోల్వేరియెల్లా, మనం వరిగడ్డి పుట్టగొడుగు అంటాం. దానికి సంచి ఉంటుంది, ఉంగరం ఉండదు, పొడి గులాబీ రంగు. విషపు అమానిటాకి కూడా సంచి ఉంటుంది, చాలావాటికి ఉంగరం ఉంటుంది, పొడి తెలుపు. విచ్చుకున్నాక తేడా తెలుస్తుంది. గుడ్డులాగా ఉన్నప్పుడు మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అమెరికా పోయి స్థిరపడిన ఆగ్నేయాసియా వాళ్ళు కొందరు అక్కడి డెత్ క్యాప్ గుడ్లని తమ ఊరి గడ్డి పుట్టగొడుగులే అనుకుని తిని ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. సొంత ఊళ్ళో వాళ్ళ తెలివి సరైనదే, ఊరు మారేసరికి అదే తెలివి వాళ్ళకి ఎదురు తిరిగింది.

కాబట్టి మీరు గడ్డిలోంచి నేరుగా లేచినవే తీసుకోండి. చెట్ల కింద మట్టిలోంచి లేచిన గుడ్డుని ముట్టొద్దు. అమానిటాలు ఎక్కువగా చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి. వామి పక్కనే జామాయిల్ చెట్లో సరుగుడు తోటో ఉంటే ఇంకా జాగ్రత్త. మన సముద్రం వైపు ఆ తోటలు ఎంత పెరిగాయో మీకు తెలుసు. ఆ చెట్ల వేళ్ళకి కూడా ఇలాంటి బూజులతో పొత్తు ఉంటుంది. ఆ నీడలో లేచే ఏ పుట్టగొడుగునీ నేను ఇంటికి తేను.

పేడ మీదవి వదిలేయండి. కొన్నిటిలో సైలోసిబిన్ అని మతి చెదరగొట్టే మందు ఉంటుంది, అది చట్టం నిషేధించిన మత్తుమందు. ముదిరితే సిరాలాగా నల్లగా కరిగిపోయే రకాల్లో ఒకదానికి ఇంకో విచిత్రమైన గుణం ఉంది. మామూలుగా తింటే ఏమీ కాదు. తిన్న రెండు మూడు రోజుల్లోపు సారా తాగితే మాత్రం ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. మద్యాన్ని విరిచే ఎంజైమును అది ఆపేస్తుంది.

ఇక వింజమూరు అబ్బాయి అడిగిన రీషి పొడి. రీషి అంటే గానోడెర్మా. మన కొబ్బరి తోటలున్నవాళ్ళందరికీ ఇది శత్రువుగా తెలుసు. కొబ్బరి మొదట్లో, ఒక్కోసారి సరుగుడు మొదళ్ళలో, మెరిసే ఎర్రగోధుమ రంగులో చెక్కలాంటి చెవులు పుట్టుకొస్తాయి చూశారా? అదే కుటుంబం. తంజావూరు జిల్లాలో 1952లో మొదట గమనించారని కొబ్బరిలో ఆ తెగులుని తంజావూరు విల్ట్ అని కూడా అంటారు. చెట్టుకి ఆ చెవులు కనిపించాయంటే వేళ్ళు అప్పటికే కుళ్ళిపోయాయని అర్థం. చైనా, జపాన్ వైద్యంలో ఇదే జాతి రకాల్ని వందల ఏళ్ళుగా కషాయానికి వాడుతున్నారు. చేదు, కొరికితే పంటికి దిగదు, కాబట్టి కూరకి కాదు.

మందుగా పనికొచ్చే పుట్టగొడుగులు లేవని నేను అనను. ట్రామెటిస్ అనే చెక్క పుట్టగొడుగు నుంచి తీసిన పదార్థాన్ని జపాన్‌లో 1977లో క్యాన్సర్ చికిత్సకి తోడు మందుగా అనుమతించారు. తోడు మందుగా, డాక్టరు చేతిలో, కొలిచిన మోతాదులో. డబ్బాలో పొడి సంగతి అది కాదు. అందులో ఏ రకం ఉందో, ఎంత ఉందో ఎవరూ చెప్పరు. మీ నాన్నగారు రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు. రీషి కూడా రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే అవకాశం ఉంది, షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. రెండూ కలిస్తే ఈ వయసులో చాలా ప్రమాదం. డబ్బా డాక్టరుకి చూపించకుండా ఒక చెంచా కూడా వేయొద్దని నా మాటగా చెప్పు. షుగర్ మాత్ర మానేసి దీన్ని వాడమని ఎవరన్నా చెబితే ఆ మనిషిని గడప తొక్కనివ్వొద్దు.

షుగర్ ఉన్నవాళ్ళకి పుట్టగొడుగు కూరగా మాత్రం చాలా మంచిది. నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే, పిండిపదార్థం తక్కువ, పీచు ఉంటుంది. కాకపోతే పెంచినవి కొనుక్కుని తినమను, అడవివి కాదు.

అల్లూరు_పాల_పుట్టగొడుగు

తమ్ముడూ, పెంచడం గురించి నేను చెబుతాను. నేను అల్లూరు దగ్గర పాల పుట్టగొడుగులు వేస్తున్నాను.

మన ఎండలకి బటన్ జోలికి పోవద్దు. దానికి 14 నుంచి 18 డిగ్రీలు కావాలి, ఏసీ బిల్లుకే సరిపోతుంది. పాల పుట్టగొడుగు, శాస్త్రీయ నామం కాలోసైబ్ ఇండికా, 30 నుంచి 35 డిగ్రీల్లో హాయిగా వస్తుంది. పశ్చిమ బెంగాల్లో దొరికిన మన దేశపు పుట్టగొడుగే, 1974లో శాస్త్రవేత్తలు దీన్ని లోకానికి చెప్పారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏపీకే 2 అనే రకాన్ని ఇచ్చాక దక్షిణాదిలో బాగా పాకింది. చలికాలంలో వాతావరణం చల్లబడితే ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకం వేసుకో, అది ఇంకా సులువు.

గడ్డి కొత్తది, ఎండింది, వానకి తడవనిది ఉండాలి. మిషన్ కోత గడ్డి నలిగి ఉంటుంది, చేతికోత గడ్డి దొరికితే వదలొద్దు. రెండంగుళాల ముక్కలు కోసి, నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్ళలో గంట సేపు ఉంచి, ఆరబోయాలి. పిండితే చుక్క కారకూడదు, చేతికి చెమ్మ తగలాలి. కవర్లో ఒక వరస గడ్డి, ఒక వరస పుట్టగొడుగు విత్తనం (స్పాన్) వేసి కట్టి చీకటి గదిలో పెడితే ఇరవై రోజుల్లో అంతా తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు కవరు కోసి, పైన వేడిచేసి చల్లార్చిన మట్టి ఒక అంగుళం లోపు పరిచి తడి ఆరకుండా చూడాలి. ఈ మట్టి పరవడం పాల రకానికి తప్పనిసరి, చిప్ప రకానికి అక్కర్లేదు. మరో పది రోజులకి మొలకలు కనిపిస్తాయి.

విత్తనం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. పచ్చగా, నల్లగా మచ్చ కనిపిస్తే ఆ సంచి తీసుకోవద్దు. మీకు దగ్గర్లో నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. అక్కడ శాస్త్రవేత్తల్ని కలిసి, విత్తనం ఎక్కడ మంచిదో అడిగి మొదలుపెట్టు. మొదటిసారి పెద్ద షెడ్డు వేయకు, వసారాలో కొన్ని సంచులు పెట్టి చూడు. చిప్ప రకం వేస్తే గదిలోకి పోయేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకో. గొడుగులు విచ్చుకుంటే పొడి గాల్లో విపరీతంగా లేస్తుంది, రోజూ పీల్చినవాళ్ళకి దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. అందుకే అంచులు పూర్తిగా విచ్చుకోక ముందే కోసేయాలి.

వరిగడ్డి పుట్టగొడుగు రుచి అన్నిటికన్నా ఎక్కువ అని నా అభిప్రాయం. కానీ అమ్మకానికి కష్టం. కోసిన రోజే పోవాలి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా నీరుగారిపోతుంది. పాల రకం అట్లా కాదు, కొన్ని రోజులు నిలుస్తుంది, గట్టిగా ఉంటుంది, చికెన్ మసాలా వేసి వండితే పిల్లలు అడిగి తింటారు.

నిమ్మతోట_వింజమూరు

అందరికీ చాలా చాలా థాంక్స్. టీచరమ్మ గారు చెప్పినట్టే అమ్మ రెండింటినీ కాగితం మీద బోర్లించి గిన్నెలు మూసింది. పొద్దున్నే ఫోటోలు పంపింది. బడి గ్రౌండుదాని కింద కాగితం మీద లేత ఆకుపచ్చ గీతలు పడ్డాయి, అమ్మ చూసి "అమ్మో, పచ్చగా!" అంది. తోటదాని కింద లేత గులాబీ రంగు. నాన్న గునపం తీసుకుని పుట్ట దగ్గరికి పోయి తవ్వారు. కాడ మోచేతి లోతు దాకా దిగి, తేనెపట్టులా చిల్లులు చిల్లులున్న దిమ్మలో కలిసిందంట. ఉంగరం, సంచి లేవు. మా ఊళ్ళో యానాది పెద్దమ్మ ఒకామె ఉంది, ఆమెని పిలిపించి చూపిస్తే "ఇవి మనవే" అందంట. కానీ నిన్నటివి వాడిపోయాయి. ఇవి వండొచ్చా? రీషి డబ్బా నాన్న తిరిగి ఇచ్చేశారు.

ఉదయగిరి టీచరమ్మ

చాలా సంతోషం నాయనా. మీ నాన్నగారు గునపం పట్టుకుని పోయారు చూడు, అది నాకు అన్నిటికన్నా నచ్చింది.

వాడిపోయినవి వండొద్దు. నిన్న అవి బడి గ్రౌండువాటితో పాటే వచ్చాయి, ముక్కలు కలిసి ఉండొచ్చు కూడా. రెండు పళ్ళేలూ గుంట తీసి పూడ్చేయమను. మంచివి కూడా కుళ్ళితే మాంసం చెడినట్టే, కడుపు పాడవుతుంది. ఆ చేటని సబ్బుతో కడగమను. ముట్టుకున్నంత మాత్రాన విషం ఎక్కదు, భయపడొద్దు, నోట్లోకి పోతేనే ప్రమాదం.

ఆ పుట్టని తవ్వి పాడు చేయకండి, నిమ్మ మొదళ్ళకి దూరంగా ఉంటే చెదల మందు కూడా పోయొద్దు. దిమ్మ లోపల బతికి ఉన్నంతకాలం ఏటా ఇదే రోజుల్లో మళ్ళీ లేస్తాయి. తవ్విన గుంట మట్టితో కప్పేయమను. మళ్ళీ లేచినప్పుడు పొద్దున్నే, పూర్తిగా విచ్చుకోక ముందు, ఆ పెద్దమ్మని వెంట పెట్టుకుని వేరుతో సహా తీయమను. ఆమెకి సగం ఇవ్వమను, ఆమె తెలివికి అది తక్కువే. పచ్చివి ఎప్పుడూ తినొద్దు, బాగా ఉడకాలి. ఎవరైనా మొదటిసారి తింటుంటే రెండు ముక్కలతో ఆగి మర్నాటి దాకా చూడాలి, మంచి రకమైనా కొందరి ఒంటికి పడదు. ఒకటి రెండు పచ్చివి వండకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచమను, నర్సమ్మ చెప్పిన కారణానికే.

బడి హెడ్మాస్టరు గారికి ఈ రోజే ఫోన్ చేయించు. ఆ పచ్చికలో మిగిలినవన్నీ మధ్యాహ్నం బెల్లు లోపు పీకించేయాలి. చిన్న పిల్లలు ఆడుకుంటూ నోట్లో పెట్టుకుంటారు. వాన పడినప్పుడల్లా మళ్ళీ లేస్తాయి కాబట్టి ఆయాకి ఫోటో ఇచ్చి చూపించమను.